పటం లోపలి అట్ట

కోర్టు జవాను సైకిలుకి స్టాండు వేసి, పటాల కొట్టు గుమ్మంలో నిలబడి "మేస్త్రిగారెవరండీ?" అని అడిగేసరికి లోపల రెండు తలలు ఒక్కసారే లేచాయి. ఆ వీధిలో తండ్రిని పెద్దమేస్త్రి అంటారు, కూతుర్ని చిన్నమేస్త్రి అంటారు. ఇద్దరికీ ఒకటే బల్ల. ఆయన కర్ర కోసి చట్రం బిగిస్తాడు. ఆమె గాజు కోసి, అట్ట కత్తిరించి, బొమ్మని అందులో కూర్చుతుంది.

"పెద్దాయనకి," అంది చిన్నమేస్త్రి, చేతిలోని గాజు పలక కింద పెట్టకుండానే.

పెద్దమేస్త్రి వేళ్లకంటిన జిగురు పాతగుడ్డకి తుడుచుకుని కాగితం అందుకున్నాడు. నుదుటి మీదున్న కళ్లజోడు ముక్కు మీదకి దించుకున్నాడు. ఆయన పెదవులు కదుపుతూ చదువుతాడు కాబట్టి, ఏ ముక్క దగ్గర ఆగిపోయాడో ఎదుటివాళ్లకి ఇట్టే తెలిసిపోతుంది. సాక్షి అన్నచోట ఆయన పేరుంది. పిలిపిస్తున్నవారు అన్నచోట కూతురి పేరుంది. ఆయన అక్కడే ఆగిపోయాడు.

"నాకు సమన్లు పంపించింది నువ్వా?"

"నేనే."

"చెయ్యి చాపితే అందేంత దూరంలో కూర్చున్నావు. నోటితో చెప్పకూడదూ?"

"నోటితో ఎన్నిసార్లు అడగలేదు? అడిగినప్పుడల్లా 'ఆ చట్రానికి రంగు ఆరిందేమో చూడు' అన్నావు."

జవాను సంతకం పెట్టించుకుని, కాగితం మడిచి జేబులో పెట్టుకుంటూ తల ఊపాడు. "ఇన్నేళ్ల ఉద్యోగంలో అయినవాళ్లకి అయినవాళ్లు పంపే సమన్లు బోలెడన్ని పంచానండీ. పంపేవాళ్లూ పుచ్చుకునేవాళ్లూ ఒకే బల్ల దగ్గర పని చేసుకోవడం మాత్రం ఇదే చూడ్డం." నవ్వుతారేమోనని ఇద్దరి ముఖాలూ చూశాడు. ఎవరూ నవ్వకపోయేసరికి సైకిలెక్కి వెళ్లిపోయాడు.

సంగతి చెప్పుకుంటే చిన్నదే. చిన్నమేస్త్రికి పెళ్లయింది. అత్తారింట్లో ఒక మధ్యాహ్నం ఎవరో తలుపు తట్టారు. తీస్తే, భుజాన బడిసంచీతో ఒక పాప నిలబడి "నాన్నున్నారా?" అని అడిగింది. ఆ నాన్న ఎవరంటే తన మొగుడే. అతనికి ముందే ఒక పెళ్లయింది, విడాకులయ్యాయి, ఒక కూతురుంది. ఆ ముక్క పెళ్లికి ముందు తనకి ఒక్కరూ చెప్పలేదు. సాయంత్రానికల్లా ఆమె పుట్టింటికి వచ్చేసింది. ఆలస్యం చెయ్యకుండా, మోసంతో చేసిన ఈ పెళ్లిని రద్దు చెయ్యమని కోర్టుకెక్కింది. దానికి వాళ్లిచ్చిన జవాబు ఒకటే: మేం ఏదీ దాచలేదు, పెళ్లికూతురి తండ్రికి ముందే చెప్పాం.

ఆ జవాబు చదివిన రోజు చిన్నమేస్త్రి ఆశ్చర్యపోలేదు. తండ్రికి తెలుసన్న సంగతి ఆమె అప్పటికే కనిపెట్టింది. ఎలా కనిపెట్టిందో మాత్రం ఎవరికీ చెప్పలేదు. పుట్టింటికి వచ్చిన మర్నాడే కొట్టుకి వచ్చి తన స్టూలు మీద తను కూర్చుంది. కాకపోతే ఆ రోజు నుంచి నాన్నా అని పిలవడం మానేసింది. బేరగాళ్లు పిలిచినట్టు "మేస్త్రీ, సన్నమేకులు", "మేస్త్రీ, గాజొచ్చింది" అంటోంది. పెద్దమేస్త్రి ఆ పిలుపుకి పలుకుతూనే ఉన్నాడు, పలికిన ప్రతిసారీ ముఖం చిన్నబుచ్చుకుంటూనే ఉన్నాడు.

"ఇద్దరూ ఒప్పుకుని విడాకులు తీసుకుంటే సరిపోయేదానికి ఎందుకే ఈ రభస?" అన్నాడాయన సమన్ల కాగితం జిగురు డబ్బా కింద పెడుతూ. "అతనూ సరేనంటున్నాడు. చేతులు దులుపుకుని బయటపడొచ్చు."

"విడాకులంటే పెళ్లి జరిగింది, కుదరలేదు, విడిపోయాం అని. నాకు కుదరకపోవడమేం లేదు. నన్ను అడగనే లేదు. అది జరగలేదని రాయించుకోవాలి నేను."

"రెండూ కాగితాలే."

"ఒకటి నిజం."

ఆయన చట్రం చేతిలోకి తీసుకున్నాడు. నాలుగు కర్రలూ బిగించాడు. ఒక మూల అతుకు సరిగ్గా కలవక, వెంట్రుకంత సందు వదిలింది. రంపపు పొట్టు చిటికెడు తీసి, జిగురులో కలిపి, బొటనవేలితో ఆ సందులోకి నొక్కి, పైన రంగు పూశాడు. సందు మాయమైపోయింది. ఇది ఆయన పాత అలవాటు. గోడకి తగిలించాక మూలలు ఎవడు చూస్తాడంటాడు. చిన్నమేస్త్రి లేచి వచ్చి, ఆ చట్రం ఆయన ముందు నుంచి తీసుకుని, మూల విప్పి, కర్ర మళ్లీ కోయమని బల్ల మీద పెట్టింది. ఇది ఆమె అలవాటు. ఇన్నాళ్లూ ఈ రెండు అలవాట్లూ కలిసే కొట్టు నడిపాయి.

ఆయన కర్ర మళ్లీ కోశాడు.

లాయరమ్మ ఆఫీసు మేడ మీద. మెట్ల నిండా కేసుల కట్టలే. వాటిని దాటుకుంటూ పైకెళ్లేసరికి ఎవరికైనా తల ప్రాణం తోకకొస్తుంది. లాయరమ్మ మంచిదే గానీ, మంచి మాట కూడా మందలించినట్టే చెప్తుంది.

"పోయినసారి బోనులో ఏమన్నావో గుర్తుందా? వాళ్ల లాయరు అడిగాడు, ముందే చెప్పి ఉంటే ఒప్పుకునేదానివా అని. 'ఒప్పుకునేదాన్ని కాదు' అంటే పోయేది కదా. నువ్వేమన్నావు?"

"ఏమో, నన్నెవరూ అడగలేదు కదా, అన్నాను."

"ఎందుకన్నావమ్మా అలా?"

"నిజంగా తెలీదు కాబట్టి. అతను చెడ్డవాడు కాదు. ఆ పాపా నన్నేం చెయ్యలేదు. కూర్చోబెట్టి అడిగి ఉంటే ఏమనేదాన్నో నాకిప్పుడెలా తెలుస్తుంది? ప్రమాణం చేసి తెలిసినట్టు ఎలా చెప్పను?"

లాయరమ్మ పెన్ను మూత పెట్టి, తీసి, మళ్లీ పెట్టింది. "మోసం అని తేలాలంటే రెండు కావాలి. వాళ్లు కావాలనే దాచారని ఒకటి. తెలిసుంటే నువ్వు ఒప్పుకునేదానివి కాదని ఇంకొకటి. రెండోదాన్ని నువ్వే గాలికొదిలేశావు. మొదటిదానికి మీ నాన్నగారొక్కరే దిక్కు. ఆయన గనక 'మా అమ్మాయికి చెప్పాను' అన్నారో, అక్కడితో మన పని సరి. ఇప్పటికైనా వద్దంటే సాక్షిని మానేద్దాం."

"వద్దు, పిలవండి."

"ఆయన ఏం చెప్తారో నీకు తెలుసా?"

"తెలీదు."

"ఏం చెప్తారో తెలీని సాక్షిని ఏ లాయరూ బోనెక్కించడు."

"ఏ ఇంటికి పంపుతున్నారో తెలీకుండానే నన్ను పంపారు కదండీ. ఆయనా ఒకసారి ఎక్కనివ్వండి."

లాయరమ్మ నవ్వాపుకోలేకపోయింది. తర్వాత అవతలివాళ్లు కోర్టులో పెడతామన్న వస్తువుల జాబితా తీసి ముందు పెట్టింది. అందులో ఒకటే వస్తువు ఉంది: గోడకి తగిలించే ఫొటో పటం.

"ఇదేమిటో తెలుసా?"

"తెలుసు," అంది చిన్నమేస్త్రి.

అది అత్తగారి హాల్లో గోడ మీదుండే ఫొటో. పోయిన మామగారు కుర్చీలో కూర్చుని ఉంటారు, పక్కన అత్తగారు, వెనక కొడుకు. బొమ్మకీ గాజుకీ మధ్య, చుట్టూ అంచులా ఒక దళసరి అట్ట పెడతారు. దాని మధ్యలో కిటికీ కోస్తారు. కిటికీలోంచి ఎంత కనిపిస్తే బొమ్మ అంత. ఆ పటంలో అట్ట మూడువైపులా సన్నగా ఉండి, ఎడమవైపు మాత్రం బెత్తెడు వెడల్పుంది. మామగారి చెయ్యి ఆ అట్ట కిందకి వెళ్లిపోయి ఉంటుంది. రోజూ దుమ్ము తుడుస్తూ, ఈయన దేన్ని పట్టుకున్నారో అనుకునేది ఆమె. కొట్లో అట్టలు కోసేది తనే. ఈ అట్ట తను కోసింది కాదు. కిటికీ మూలల దగ్గర కత్తి గీటు దాటి కాస్త ముందుకి పోయింది. అలా పోయే చెయ్యి ఒక్కటే ఉంది. పైగా చట్రం మూలల్లో జిగురూ రంపపు పొట్టూ. నాన్న కట్టాడు కాబోలు, పెద్దవాడైపోతున్నాడు, కొలత తప్పాడు అనుకుని జాలిపడింది కూడా.

పాప గుమ్మంలో నిలబడిన మధ్యాహ్నం, ఆమె పాపని చూసి, తలతిప్పి గోడ మీది పటం చూసింది. మామగారు ఎవరి చెయ్యి పట్టుకున్నారో అప్పుడర్థమైంది. కొలత తప్పింది కాదని కూడా అప్పుడే అర్థమైంది. మొగుడు దాచినందుకు కోపం వచ్చింది. నాన్న దాచినందుకు ఏడుపొచ్చింది. ఏడవకుండా పెట్టె సర్దుకుంది.

ఇదంతా విని లాయరమ్మ ఆ జాబితా మళ్లీ చదువుకుంది. "ఈ పటం వాళ్లెందుకు తెస్తున్నారో అర్థమైందా? మీ నాన్నగారికి పాప సంగతి ముందే తెలుసని చూపించడానికి," అంది చివరికి.

"తెస్తే తేనివ్వండి," అంది చిన్నమేస్త్రి.

వాయిదా దగ్గరపడ్డ కొద్దీ ఇంట్లో మాటలు తక్కువై గిన్నెల చప్పుడు ఎక్కువైంది. అమ్మకి ఏదీ ముందు తెలీదు, తెలిశాక ఎవరివైపు ఉండాలో తోచదు. "మీ ఇద్దరి మధ్యా నన్ను తపాలా పెట్టెని చేశారు," అని విసుక్కుంటూనే అటు మాట ఇటూ ఇటు మాట అటూ మోసింది. కోర్టుకి ఏ చొక్కా వేసుకోవాలో అడగమన్నాడు ఆయన. ఉతికింది ఏదైనా చాలని చెప్పమంది కూతురు. తెల్లదా, గళ్లదా అని మళ్లీ పంపాడు. "గళ్లదే వేసుకో, జడ్జిగారికి ఊసుపోతుంది, లెక్కపెట్టుకుంటారు," అని అమ్మే తీర్పు చెప్పేసి లోపలికి పోయింది.

వాయిదా ముందురోజు కొట్లో బేరాల్లేవు. పెద్దమేస్త్రి ఉన్న రంపాలన్నీ తీసి పదును పెట్టాడు, పదునుగా ఉన్నవాటికి కూడా పెట్టాడు. చివరికి ఆకురాయి పక్కన పెట్టి, కూతురివైపు చూడకుండా అడిగాడు.

"రేపు నన్నేం చెప్పమంటావు?"

"నేను చెప్పను. నేను చెప్పిస్తే అది నా సాక్ష్యం అవుతుంది."

"వీధి వీధంతా తగువులు తీర్చమని నా దగ్గరికి వస్తారు. వాళ్ల ముందు నన్ను దొంగలా నిలబెడతావా? మేస్త్రి మాటంటే మాటే అంటారు ఈ వీధిలో."

"నేనూ అదే అనుకున్నాను. ఆ మాట నమ్మే కదా ఆ పెళ్లికి తలూపింది."

ఆయన ఆకురాయి తీసుకున్నాడు, మళ్లీ పెట్టేశాడు.

"అబ్బాయి మంచివాడే," అన్నాడు గొణుగుతున్నట్టు.

"మంచివాడు కాదని నేనన్నానా? మంచివాడైతే నాకు చెప్పకూడదా?"

కొట్టు కట్టేసే వేళకి ఆమె చేతిసంచిలో ఎప్పటిలాగే చిన్న పటకారూ కళ్లజోడూ వేసుకుని ముందు బయల్దేరింది. ఆయన తాళం వేసి, వేశానో లేదోనని మళ్లీ లాగి చూసి, వెనక నడిచాడు.

కుటుంబ కోర్టు గది చిన్నది. జడ్జిగారికి జలుబు చేసింది, రుమాలు చేతిలోంచి దించడం లేదు. టైపిస్టు పక్కన కూర్చుంది. వెనక బెంచీలో అతనూ, అత్తగారూ. అత్తగారి ఒళ్లో పాతచీరలో చుట్టిన పటం ఉంది. చిన్నమేస్త్రి వాళ్లకి ముందు బెంచీలో కూర్చుంది.

పెద్దమేస్త్రి గళ్ల చొక్కాలో బోనెక్కి ప్రమాణం చేశాడు. ఆయన బొటనవేలు తనంత తనే బోను కటకటాల మూలకి పోయి, అతుకు తడిమింది.

"పెళ్లికి ముందు, అబ్బాయికి ఇదివరకే పెళ్లయిందని మీకు తెలుసా?" లాయరమ్మ సూటిగా మొదలుపెట్టింది.

"పెద్దవాళ్లం మాట్లాడుకున్నామండీ."

"ఏం మాట్లాడుకున్నారు?"

"అన్నీ."

"ఆ అన్నిట్లో ఇదీ ఉందా?"

పెద్దమేస్త్రి నీళ్లు నమిలాడు. "ఉందనే అనుకోండి."

"అనుకోవడం మా పని కాదు మేస్త్రిగారూ," అన్నారు జడ్జిగారు రుమాల్లోంచి. "ఉందా, లేదా?"

"ఉందండి."

"మరి మీ అమ్మాయికి చెప్పారా?"

ఆయన చూపు నేల మీదకి పోయింది. "ఒకే ఇంట్లో ఉంటాం కదండీ. అనుకునే మాటలు చెవిన పడుతూనే ఉంటాయి."

లాయరమ్మ ఇంకా రెండు విధాల అడిగి చూసింది. ఆయన చెవి దగ్గరే ఆగిపోయాడు. చెప్పాననడు, చెప్పలేదనడు. టైపిస్టు అదే కొట్టింది. లాయరమ్మ కూర్చుంటూ చిన్నమేస్త్రి వైపు చూసిన చూపులో, నే చెప్పలేదా అన్నది స్పష్టంగా ఉంది. సందు పూడ్చేశాడు, కోర్టులో కూడా పూడ్చేశాడు అనుకుంది చిన్నమేస్త్రి. లేచి వెళ్లిపోదామనిపించింది. వెళ్లకుండా చేతిసంచి గట్టిగా పట్టుకుని కూర్చుంది.

అవతలి లాయరు లేచాడు. ఆయన గొంతులో ఎప్పుడూ తేనె ఉంటుంది. అత్తగారి ఒళ్లోంచి పటం తీసుకుని, చీర విప్పి, బోను దగ్గరికి తెచ్చాడు.

"మేస్త్రిగారూ, మీ చేతి పని ఎరగనివాళ్లు ఎవరున్నారు? ఇది మీరు కట్టిందేనా?"

పెద్దమేస్త్రి పటాన్ని రెండు చేతుల్తో అందుకుని, అలవాటు చొప్పున కంటి ఎత్తుకి లేపి, అంచు వెంట చూశాడు. "నాదే."

"ఇందులో ఎంతమంది ఉన్నారు?"

"కనిపించేది ముగ్గురు."

"కనిపించనివాళ్లు?"

"ఒక పాప ఉంది."

"జడ్జిగారికి చూపించండి."

"విప్పాలండి. పటకారు కావాలి."

కోర్టులో పటకారెక్కడిది? జవాను అటూ ఇటూ చూశాడు. అవతలి లాయరు తన తాళంచెవి ఇవ్వబోయాడు. చిన్నమేస్త్రి లేచి, చేతిసంచిలోంచి పటకారు తీసి జవాను చేతికిచ్చింది. ఆ పటకారు పిడికి చుట్టిన గుడ్డ ఆయనే చుట్టాడు, ఆమె మొదటిసారి కొట్లో కూర్చున్నప్పుడు. జవాను చేతిలోంచి అది తీసుకుంటూ పెద్దమేస్త్రి కూతురివైపు చూశాడు. సమన్లు వచ్చిన రోజు నుంచి ఆయన ఆమెని తిన్నగా చూడటం అదే మొదటిసారి.

పటం బోర్లించి, వెనక మేకులు ఒక్కొక్కటే వంచి లాగి, చొక్కా జేబులో వేసుకున్నాడు. వెనక పలక తీశాడు. చట్రం కదిలి, ఒక మూల నుంచి జిగురు పెళ్లలు రాలి బోను అంచు మీద పడ్డాయి. ఆయన వాటిని వేలితో పక్కకి నెట్టాడు. తర్వాత ఫొటో, దాని వెనకే అట్ట బయటికొచ్చాయి. ఫొటో ఎడమ చివర, పూల గౌను వేసుకున్న పాప తాతగారి చూపుడువేలు గుప్పిట్లో పట్టుకుని, వెలుతురుకి కళ్లు చికిలించి చూస్తోంది.

వెనక బెంచీలో అత్తగారు చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. అతను తల వంచుకున్నాడు.

"చిత్తగించండి," అన్నాడు అవతలి లాయరు. "పెళ్లికి ముందే ఈ పాప సంగతి మేస్త్రిగారికి తెలుసు. తన చేత్తో పటం కట్టారు. మావాళ్లు దాచింది ఏముంది?" తర్వాత బోను వైపు తిరిగి గొంతు ఇంకా మెత్తన చేశాడు. "మేస్త్రిగారూ, మీరు పదిమంది తగువులు తీర్చే పెద్దమనిషి. ఇంత సంగతి తెలిశాక కన్నకూతురికి చెప్పకుండా ఉంటారా? ఏ తండ్రైనా చెప్తాడు. మీరూ చెప్పే ఉంటారు. అవునంటారా?"

కూర్చోమని కుర్చీ లాగి వేసినట్టుంది ఆ ప్రశ్న. అవునంటే చాలు. పెద్దమేస్త్రి మంచి తండ్రిగా, మాట తప్పని మనిషిగా బోను దిగి ఇంటికి పోవచ్చు. వీధిలో ఎవరూ వేలెత్తి చూపరు. కూతురి కేసు మాత్రం అక్కడితో ఆఖరు.

పెద్దమేస్త్రి చేతిలోని అట్టని చూస్తున్నాడు. కిటికీ మూలల్లో కత్తి దాటిపోయిన చోట్లని వేలితో తడిమాడు.

"చెప్పలేదండి," అన్నాడు.

అవతలి లాయరు సరిగా వినపడనట్టు ముందుకి వంగాడు. "ఏమన్నారు?"

"మా అమ్మాయికి చెప్పలేదు. చెవినీ పడనివ్వలేదు. ఇందాక అన్నది తప్పు, కొట్టేయించండి."

జడ్జిగారు రుమాలు దించారు. "ఎందుకు చెప్పలేదు?"

"చెప్తే వద్దంటుందని."

"అంటుందని మీకెలా తెలుసు?"

"నా కూతురండీ అది. బల్లకి ఇటు నేనూ అటు అదీ కూర్చుంటాం. మూల కాస్త సందుంటే పూడ్చనివ్వదు, విప్పి మళ్లీ కోయిస్తుంది. దీనికి ఒప్పుకుంటుందా? ఒప్పుకోదని తెలిసే దాచాను. పెళ్లయ్యాక నెమ్మదిగా చెప్దామనుకున్నాను. పెళ్లయ్యాక నోరు రాలేదు."

టైపిస్టు చేతులు ఆగాయి. "చెప్తే వద్దంటుందని. అంతేనా అండీ?" అని జడ్జిగారిని అడిగింది. అంతే, ఆయన అన్నది అన్నట్టే కొట్టమన్నారు జడ్జిగారు.

చిన్నమేస్త్రి చేతిసంచి మీది పట్టు ఎప్పుడు వదిలిందో ఆమెకే తెలీదు. ప్రమాణం చేసి తను చెప్పలేకపోయిన మాట ఆయన చెప్పాడు. తను ఏమనేదో తనకే తెలీకపోయినా, ఆయనకి తెలుసు. తెలిసే చేశాడు. సంతోషించాలో, బోను దగ్గరికి వెళ్లి నాలుగు మాటలు కడిగెయ్యాలో తేలక, ఆమె కళ్లు తుడుచుకుంది.

లాయరమ్మ మళ్లీ లేచింది. ఇప్పుడామె గొంతులో మందలింపు లేదు.

"ఒకటే ప్రశ్న. అట్టని ఎడమవైపు ఇంత వెడల్పు ఉంచి కొయ్యమన్నది ఎవరు?"

"వాళ్లమ్మగారండి. అబ్బాయీ పక్కనే ఉన్నాడు. ఎంత మేర కప్పమంటారని అడిగితే, పాప కనపడకూడదు, అంతే అన్నారు. కొత్తకోడలు వచ్చి గోడ మీద చూస్తే బాగోదన్నారు."

"మీరేం చేశారు?"

"మా అమ్మాయి కొట్లో లేని వేళ చూసి కోసిచ్చాను."

ఏదీ దాచలేదని చూపించడానికి తెచ్చిన పటం, దాచడానికే కట్టించిందని తేలిపోయింది. అవతలి లాయరు ఇంకేం అడిగేది లేదన్నాడు. పెద్దమేస్త్రి బోను దిగబోతుంటే జవాను చెయ్యి అడ్డం పెట్టి, జేబులోని మేకులు కూడా ఇచ్చి వెళ్లమన్నాడు, అవీ కోర్టు వస్తువులేనట. ఆయన ఏరి ఏరి ఇచ్చాడు.

తీర్పు చెప్పే రోజున అమ్మ కూడా వస్తానని బయల్దేరి, గుమ్మం దాకా వచ్చి, ఎవరి పక్కన కూర్చోవాలో తోచక ఆగిపోయింది. తండ్రీకూతుళ్లే వెళ్లారు.

జడ్జిగారు చదివింది కాస్తే. మోసం వల్ల పొందిన సమ్మతి సమ్మతి కాదు కనుక ఈ వివాహం చెల్లదని, రద్దు చేస్తున్నామని. బయటికి రాగానే లాయరమ్మ చిన్నమేస్త్రి భుజం పట్టుకుని ఊపింది. "మీ నాన్నగారి మాట ఉన్నదున్నట్టు రాశారు తీర్పులో. చెప్తే వద్దంటుందని! నా ప్రాక్టీసులో ఇలాంటి సాక్షిని చూడలేదు. ఇంకోసారి చూపించకు తల్లీ, నా గుండె ఆగుతుంది."

వరండా చివర అతను నిలబడి ఉన్నాడు. అప్పీలుకి వెళ్లబోమని రాసిచ్చి వచ్చాడు. కాసేపు తటపటాయించి దగ్గరికొచ్చాడు.

"నేనే చెప్పాల్సింది," అన్నాడు.

"అవును," అంది చిన్నమేస్త్రి. అంతకన్నా అనడానికి ఆమెకేమీ కనపడలేదు. అతను తల ఊపి మెట్లు దిగాడు.

అత్తగారు మాత్రం దిగలేదు. కోర్టువాళ్లు తిరిగిచ్చిన పటం విడి ముక్కలుగా ఆవిడ చేతుల్లో ఉంది. చట్రం ఒక చంకలో, గాజు ఇంకో చేతిలో, ఫొటో చీరచెంగులో, మేకులు ఒక కవర్లో. ఎలా పట్టుకున్నా ఏదో ఒకటి జారుతోంది.

"మీ మామగారిది ఇదొక్కటే ఫొటో అమ్మాయీ," అన్నారావిడ. తర్వాత, మామగారు అన్న మాట చెల్లదేమోనని గుర్తొచ్చిందేమో, నాలిక్కరుచుకున్నారు. "దీన్ని ఇలా ఎలా మోసుకుపోను?"

చిన్నమేస్త్రి బెంచీ మీద దుమ్ము అరచేత్తో తుడిచింది. ఇలా ఇవ్వండని ఒక్కొక్క ముక్కా అందుకుని పరిచింది. పెద్దమేస్త్రి వచ్చి బెంచీకి అటువైపు నేల మీద మోకాళ్ల మీద కూర్చున్నాడు. ఆయన చట్రం పట్టుకున్నాడు, ఆమె గాజు ఊది తుడిచి దించింది. ఫొటో పెట్టింది. పైన వెనక పలక వేసింది. ఆయన మేకు నిలబెట్టాడు, ఆమె పటకారుతో నొక్కింది. అట్ట మాత్రం బెంచీ మీదే ఉండిపోయింది.

పటం తిప్పి చూపిస్తే, పాప తాతగారి వేలు పట్టుకుని ఉంది. అత్తగారు చాలాసేపు చూశారు. పాప మీద పడ్డ చుక్కని చెంగుతో తుడిచారు.

"ఇది తాత్కాలికమే. అట్ట లేకపోతే నాలుగునాళ్లకి ఫొటో గాజుకి అంటుకుపోతుంది. కొట్టుకి తీసుకురండి, నేను కోసిస్తా. నలుగురూ కనపడేలా," అంది చిన్నమేస్త్రి.

పెద్దమేస్త్రి చట్రం మూల మీద వేలు పెట్టాడు. రాలిపోయిన పెళ్లల వెనక సందు తెరుచుకుని ఉంది. "ఇక్కడ అతుకు కలవలేదమ్మా. కట్టిన రోజే కలవలేదు, పైన పూశాను. తెచ్చినప్పుడు కర్ర మార్చి ఇస్తాను," అన్నాడు. ఇన్నేళ్లలో ఆయన ఒక బేరానికి ఆ మాట చెప్పడం కూతురు వినలేదు.

అత్తగారు పటం చీరలో చుట్టుకుని, బెంచీ మీది అట్ట వైపు చూశారు. "మరి అది?"

"అది మాది," అంది చిన్నమేస్త్రి.

ఆవిడ వెళ్లాక పెద్దమేస్త్రి లేవడానికి బెంచీ పట్టుకున్నాడు. మోకాళ్లు సహకరించలేదు. చిన్నమేస్త్రి అట్టని చంకలో పెట్టుకుని నిలబడి చూసింది. కోపం పోలేదు. అంత తేలిగ్గా పోయేదీ కాదు, ఇంటికెళ్లాక అడగాల్సినవి చాలా ఉన్నాయి, ఆయన అన్నిటికీ జవాబు చెప్పాల్సిందే. కానీ ఇన్నాళ్లూ మేస్త్రి మీదున్న కోపం ఇప్పుడు తండ్రి మీద కోపమైంది. ఆమె చెయ్యి చాపింది.

"లే నాన్నా," అంది. "కొట్టు తియ్యాలి."